మా రోజుల్లో పుతళ లేదు, కిక్రీ ఉండేది

"తాతా, ఈయన తెలంగాణ వాళ్ళ మనిషి గదా? మనోడు కాదు గదా?"

పెళ్ళికని ఆదిలాబాద్ పోయినప్పుడు కొమురం భీం విగ్రహం ముందు నిలబడి మా మనవడు అడిగిన మాట ఇది. నాందేడ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. 'ఆర్ఆర్ఆర్' సినిమాలో జూనియర్ ఎన్టీఆర్ వేసిన వేషం ఈయనదేనని పక్కనున్న దోస్తుకు మరాఠీలో చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి ఇట్లా అడిగాడు. పిల్లవాడి తప్పు లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళలో నేనొకణ్ణి. ఆ రాత్రి పెళ్ళింట్లో నాకు కన్ను మూతపడలేదు.

నాకిప్పుడు ఎనభై రెండేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ గోకుందలోనే. మహారాష్ట్రలో కిన్వట్‌ను ఆనుకొని ఉన్న ఊరు మాది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు గోకుంద అంటే ఇవాళ పెద్ద దవాఖాన ఉన్న ఊరు. మా చిన్నప్పుడైతే టేకు అడవి, పెన్‌గంగ, చిన్న పట్టాల మీద పొగబండి. మా ఇంటిపేరు చివర 'వార్' ఉంటుంది. తెలుగు 'వారు' మరాఠీ నోటికి అలవాటై 'వార్' అయింది. ఈ తాలూకాలో, నాందేడ్ జిల్లా అంతటా అట్లాంటి ఇంటిపేర్లు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ ఉర్దూ, అంగడి రోజు గోండీ. అన్నీ చెవిన పడుతూ పెరిగిన తరం మాది. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లోనే దిద్దించాడు. మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.

నేను పుట్టిననాడు గోకుంద ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. ఈ ముక్క చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1956 నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు కిన్వట్, రాజూరా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. అటు నాందేడ్ జిల్లా నుంచి ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు ఆదిలాబాద్ వైపు వచ్చాయి. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ నిజామాబాద్ వైపు పోయాయి. రాజూరాను మొదట మా నాందేడ్‌లో పెట్టి, 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిపారు. 1956లో నాకు పదమూడేళ్ళు. ఇంట్లో ఏడ్చిన వాళ్ళు లేరు, పండుగ చేసిన వాళ్ళూ లేరు. కచేరీ పనికి ఆదిలాబాద్ పోయే మా నాయన ఆ నెల నుంచి నాందేడ్ పోవడం మొదలుపెట్టాడు, అంతే. మేకలు, పెళ్ళి సంబంధాలు, జాతర బండ్లు ఎప్పటిలాగే అటూ ఇటూ తిరిగాయి. గీత గీసింది కాగితం మీదే, మనుషుల మధ్య కాదు అనుకున్నాం. అది మనుషుల జ్ఞాపకంలో కూడా పడిందని ఆదిలాబాద్‌లో ఆ పిల్లవాడు అడిగితేగాని నాకు తెలియలేదు.

నేను రాష్ట్ర రవాణా (ఎస్టీ) బస్సులో కండక్టర్‌గా పనిచేశాను. ఇరవై రెండేళ్ళకు చేరి, యాభై ఎనిమిదేళ్ళకు దిగాను. చేతిలో టికెట్ల ట్రే, వేళ్ళ మధ్య పంచ్. బస్సు కదలకముందే టకటకమని ఆ పంచ్ చప్పుడు. ఎక్కువ డ్యూటీలు కిన్వట్ నుంచి ఆదిలాబాద్ వైపు, నిర్మల్ వైపు పడేవి. ఇప్పటి బస్సులో ఎక్కినవాడు ఎక్కినట్టే చెవుల్లో తీగలు పెట్టుకుంటాడు. పక్కన కూర్చున్నది మనిషో మూటో చూడడు. మా రోజుల్లో బస్సు అంటే నడిచే రచ్చబండ. ఎవరి ఎద్దు చచ్చింది, ఎవరి భూమి సావుకారు పాలయింది, ఎవరి పిల్ల పురుడు పోసుకుంది, అన్నీ టికెట్ కొట్టే లోపలే నా చెవిన పడేవి.

ఆ బస్సుల్లోనే నేను భీం కథ విన్నాను. చెప్పింది ప్రధాన్లు.

ప్రధాన్లంటే గోండు ఇండ్లకు తరతరాలుగా కథ చెప్పే వాళ్ళు. ఫలానా గోండు ఇంటికి ఫలానా ప్రధాన్ అని కట్టుబాటు. ఆ ఇంటి పుట్టుపూర్వం, వంశం, దేవుడు, పోరాటం అన్నీ వాళ్ళ నోట్లో ఉంటాయి. భుజాన కిక్రీ ఉంటుంది. మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. దాని గొంతు మనిషి ఏడుపుకు దగ్గరగా ఉంటుంది. కేస్లాపూర్ నాగోబా జాతర రోజులొస్తే, పుష్య అమావాస్యకు ముందు, నా బస్సులో కనీసం ఇద్దరు ముగ్గురు ప్రధాన్లు ఎక్కేవారు. కిక్రీని మీద సామాన్లతో వేయనిచ్చేవారు కాదు. పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకునేవారు. దానికి నేను ఏనాడూ లగేజీ టికెట్ కొట్టలేదు.

ఒక వానాకాలం బాగా గుర్తు. ఆదిలాబాద్ నుంచి తిరిగి వస్తుంటే దారిలో వాగు పొంగింది. నీళ్ళు తగ్గేదాకా బస్సు ఆపేశాం. బస్సులో అన్ని రకాల మనుషులూ ఉన్నారు. పత్తి అమ్ముకొని వస్తున్న రైతులు, బంజారా ఆడవాళ్ళు, కట్టె డిపోలో పనిచేసే ముస్లిం ముసలాయన, ఒక కోమటి సేటు, పదిమంది గోండులు. వాళ్ళలో ఒక ప్రధాన్. వాన వెలిసింది. టేకు చెట్ల కింద అందరం కూర్చున్నాం. ఎవరో "పటేలా, ఊరకే కూర్చుంటే పొద్దు పోతదా" అన్నారు. ఆయన కిక్రీ తీశాడు.

పాట గోండీలో. నాకు సగం అర్థమయ్యేది. ఒక చరణం కాగానే పక్కనున్న గోండు పెద్దమనిషి తెలుగులో చెప్పేవాడు, దాన్ని ఇంకొకాయన మరాఠీలో చెప్పేవాడు. అట్లా మూడు భాషల్లో ఒక కథ నడిచింది. అడవిని సర్కారు రిజర్వు చేయడం, పోడు దున్నుకున్న వాళ్ళ గుడిసెలు తగలబెట్టడం, పశువుల మేతకు పన్ను, కట్టెకు పన్ను. సుర్దాపూర్‌లో పండిన పంట తనదని వచ్చిన సిద్దిఖీ అనేవాణ్ణి భీం కొట్టి చంపడం. అక్కడి నుంచి చాందాకు పారిపోవడం, అక్కడ విఠోబా అచ్చాఫీసులో పనిచేస్తూ చదువు నేర్చుకోవడం. తర్వాత అస్సాం తేయాకు తోటలు. తిరిగొచ్చి, బాబేఝరి, జోడేఘాట్ మొదలైన పన్నెండు గూడేలను ఒక్కటి చేసి మా భూమి మాకు, మా అడవి మాకు అని నిజాం సర్కారును నిలదీయడం. చివరికి జోడేఘాట్ గుట్టల్లో 1940లో పోలీసుల తుపాకులు.

కథ అక్కడితో ఆగలేదు. అసలు సంగతి ఆ తర్వాతే. ఆయన కిక్రీ పక్కన పెట్టి, భీంతోపాటు చనిపోయిన వాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరు, ఇంటిపేరు, గూడెం పేరు. వాయిద్యం లేదు, రాగం లేదు. పేరు చెప్పడం, ఒక క్షణం ఆగడం, ఇంకో పేరు చెప్పడం. గోండు ఆడవాళ్ళు నెత్తిన కొంగు కప్పుకున్నారు. కట్టె డిపో ముసలాయన టోపీ సర్దుకున్నాడు. వాగు చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. మా నాయన పోయిన రోజు తప్ప అంత నిశ్శబ్దంలో నేను ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ రోజు ఆ టేకు చెట్ల కింద సిమెంటు లేదు, ఇత్తడి లేదు, మంత్రులు లేరు. కాని భీంకు అంతకంటే గొప్ప స్మారకం నేను తర్వాత ఎక్కడా చూడలేదు. ఏ టాంక్‌బండ్ మీదా చూడలేదు.

టాంక్‌బండ్ అన్నాను గనుక ఆ మాటా చెబుతాను. 1980లలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండి హుస్సేన్‌సాగర్ గట్టున 33 విగ్రహాలు పెట్టించినప్పుడు వాటిలో భీం లేడు. మన గోండు రాజ్యాల ఊసే లేదు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాకనే ఆయనకు ఆ గట్టున చోటు దొరికింది. ఆలస్యంగానైనా పెట్టారు, సంతోషం. 2016లో జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం వచ్చాయి, ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు పెట్టారు. అదీ సంతోషమే. విగ్రహాలు వద్దనే మనిషిని కాదు నేను. విగ్రహం పెట్టి, ఇక మన పని అయిపోయిందని చేతులు దులుపుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

విగ్రహాన్ని మేం మరాఠీ వాళ్ళలాగే పుతళ అంటాం. మా వైపు ఏ ఊరికి పోయినా శివాజీ మహారాజ్ పుతళ ఒకటి, బాబాసాహెబ్ అంబేడ్కర్ పుతళ ఒకటి ఉంటాయి. ఉండాలి కూడా. మా కాలంలో పుతళ పెట్టడమంటే ఏళ్ళ తరబడి పని. ఇంటికి పావలా, అర్ధరూపాయి చందా. ఆ చందాకు తిరిగే నలుగురు కుర్రాళ్ళు ప్రతి గుమ్మం ముందు నిలబడి ఆ మహానుభావుడు ఏం చేశాడో చెప్పాలి. చెప్పకపోతే ముసలమ్మ కొంగు ముడి విప్పదు. ఇంటింటికీ కథ చేరిన తర్వాత చివరికి పుతళ వచ్చేది. ఇప్పుడు ఫైబర్ పుతళ లారీలో తెల్లవారేసరికి దిగుతుంది. ఎవరో ఒక నాయకుడు డబ్బు ఇస్తాడు, ఇంకో నాయకుడు క్రేన్ పంపుతాడు. ఏ గుమ్మంలోనూ ఎవరూ నిలబడలేదు గనుక ఏ ఇంటికీ కథ చేరలేదు.

ఒక చోట శిలాఫలకం దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్ళను నొప్పించడం నా ఉద్దేశం కాదు. అమరుడి పేరు ఒక వరుస. ఆవిష్కరణకు వచ్చిన పెద్దల పేర్లు, పదవులు పదకొండు వరుసలు. ఆయన ఎప్పుడు పుట్టాడు, ఎందుకు చనిపోయాడు, ఎవరితో కలిసి చనిపోయాడు? ఒక్క ముక్క లేదు. చుట్టూ ఇనుప కంచె, తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందని టీ కొట్టు వాణ్ణి అడిగితే, జయంతి రోజు తీస్తారన్నాడు. లోపల పోయినేటి పూలదండ ఎండి తీగ మిగిలింది. రాళ్ళ మధ్య గడ్డి మొలిచింది. వాగు ఒడ్డున ఒక చదువురాని ప్రధాన్ ఒక్క పేరు తప్పకుండా చెప్పగలిగినప్పుడు, లక్షలు పోసిన రాతి మీద ఆ పేర్లు చెక్కించడానికి మనకేం అడ్డు వచ్చింది?

ఇక జయంతులు, వర్ధంతులు. మా రోజుల్లో జయంతి అంటే సాయంత్రం సభ. ఒక లాంతరో పెట్రోమాక్స్ లైటో పెట్టి, చదువుకున్నవాడు గంటసేపు మాట్లాడితే, ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చొని వినేవారు. ఇప్పుడు డీజే. పెట్టెల చప్పుడుకు ఇంట్లో గిన్నెలు కదులుతాయి. ఎవరి జయంతో ఆ పాటలను బట్టి చెప్పలేం. విగ్రహం కంటే ఎత్తు ఫ్లెక్సీలు, వాటి మీద మహానుభావుడి ముఖం మూలన చిన్నగా, శుభాకాంక్షలు చెప్పే వాళ్ళ ముఖాలు పెద్దగా.

ఎత్తు పోటీ సంగతి వేరే. సర్దార్ పటేల్ విగ్రహం గుజరాత్‌లో 182 మీటర్లు. ఆ పటేల్ 1948 సెప్టెంబర్‌లో ఫౌజు పంపకపోతే మా తాలూకా ఇంకెన్నాళ్ళు రజాకార్ల కింద నలిగేదో. అంతటి మనిషికి అంత ఎత్తు విగ్రహం కట్టారు, సరే. కాని సెప్టెంబర్ 17న ఏం జరిగిందని మా వీధిలో డిగ్రీ చదివే పదిమందిని అడిగాను. సెలవు అని చెప్పినవాళ్ళే ఎక్కువ. అదే రోజును మేం మరాఠ్వాడా ముక్తి సంగ్రామ్ దినమంటాం. సరిహద్దు దాటి ఆదిలాబాద్‌కు పోతే ఒకరు విమోచన దినమంటారు, ఒకరు సమైక్యతా దినమంటారు, ఈ మధ్య ప్రజాపాలన దినమనీ అంటున్నారు. పేరు మీద కొట్లాట తెగడం లేదు. ఆ రోజు కోసం చనిపోయినవాడి పేరు మాత్రం సరిహద్దు దాటితే ఎవరికీ గుర్తులేదు. మా నాందేడ్ జిల్లా బిలోలీ తాలూకా అర్జాపూర్ దగ్గర 1946 అక్టోబర్‌లో గోవిందరావ్ పాన్సరేను రజాకార్లు చంపారు. నిజాం మీద పోరులో తొలి హుతాత్మ అని ఆయన్ని ఇక్కడ తలుచుకుంటారు. బిలోలీ నుంచి సరిహద్దు అవతలి బోధన్ ఎంత దూరం? బోధన్‌లో ఒక పిల్లవాణ్ణి అడగండి, పాన్సరే ఎవరో చెప్పలేడు. మా మనవడు భీంను పరాయివాడన్నట్టే, అతను పాన్సరేను పరాయివాడంటాడు. ఇద్దరూ కొట్లాడింది ఒకే నిజాంతో.

సినిమా గురించి కూడా ఒక మాట. 'నాటు నాటు'కు 2023లో ఆస్కార్ వచ్చిందని ఊరంతా మిఠాయి పంచారు, నేనూ తిన్నాను. తెలుగు పాట ప్రపంచానికి వినిపించింది, గర్వమే. కాని మా మనవడి లెక్కలో భీం ఢిల్లీలో తెల్లదొరల మీద పులిలా దూకినవాడు. భీం ఢిల్లీలో కొట్లాడలేదు. జంగ్లాత్ సిబ్బందితో, పట్వారీతో, నిజాం పోలీసులతో జోడేఘాట్ గుట్టల్లో కొట్లాడాడు. సినిమా తీసినవాళ్ళు అది కల్పితమని ముందే చెప్పారు, వాళ్ళను తప్పు పట్టను. అసలు కథ ఇంట్లో విని ఉంటే పిల్లవాడికి కల్పన ఏదో నిజమేదో తెలిసేది. ఇంట్లో వినలేదు. అల్లం రాజయ్య, సాహు గూడెం గూడెం తిరిగి, చూసిన వాళ్ళను, విన్న వాళ్ళను అడిగి భీం మీద నవల రాశారు. ఆ పుస్తకం మా ఇంట్లో ఉంది. తెలుగు చదవడం రాని మనవడికి దాన్ని నేనే చదివి వినిపించాల్సింది. వినిపించలేదు. భీం వెంట ఉండి బతికి బయటపడిన కొమురం సూరు 1997 దాకా ఉన్నాడు. అప్పటికి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. అన్నేళ్ళు ఆదిలాబాద్‌కు తిరిగాను, ఒక్క సెలవు పెట్టి ఆయన దగ్గరికి పోయి కూర్చోలేదు. నా జన్మలో నేను చేసిన తప్పుల్లో అది పెద్దది.

ఇంకో తప్పు నిర్మల్‌లో జరిగింది. అది ఒక్కడి తప్పు కాదు.

మొదటిసారి నిర్మల్ డ్యూటీ పడ్డప్పుడు మా డ్రైవర్ నన్ను ఒక మర్రి చెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. వెయ్యి ఉరుల మర్రి. రాంజీ గోండునూ ఆయన మనుషులనూ తెల్లవాళ్ళు ఆ చెట్టు కొమ్మలకే ఉరితీశారు. 1860 ఏప్రిల్ 9 అని ఇప్పుడు తలుచుకుంటున్నారు. సిపాయిల తిరుగుబాటు ఉత్తరాన చల్లబడ్డాక కూడా గోదావరి ఒడ్డున గోండులను, రోహిల్లాలను కలుపుకొని రాంజీ పోరాడాడు. వెయ్యిమంది అన్నది జనం నోటి లెక్క. ఆ చెట్టు కింద నిలబడితే లెక్క అడగాలనిపించదు. ఊడలు దిగి దిగి ఒక ఊరంత నీడ. మా డ్రైవర్ చెప్పులు విడిచి ఒక ఊడను ముట్టుకున్నాడు. నేనూ విడిచాను. ఫలకం లేదు, కంచె లేదు. నిర్మల్ వాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి ఇదిగో ఇక్కడే అని చూపించేవారు. చెట్టే సాక్షి, చెట్టే పుతళ.

1995లో గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది. వందేళ్ళ పైబడిన సాక్షికి ఒక ఊత కట్టలేకపోయాం. వేళ్ళకు మట్టి పోయలేకపోయాం. పాత మర్రిని నిలబెట్టడం చేతకాని పని కాదు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని ఊడలకు ఊతలు పెట్టి, మందు పోసి బతికించుకుంటున్నారు గదా. నిర్మల్ మర్రికి ఆ యోగం పట్టలేదు. ఇప్పుడు చైన్‌గేట్ దగ్గర రాంజీ గోండు విగ్రహం ఉంది. ఏటా దండలు పడతాయి. ఆ విగ్రహానికి నేనూ దండం పెట్టాను. కాని అది మనం చేసిన బొమ్మ. ఆ చెట్టు ఆయన్ని చూసిన చెట్టు. రెండూ ఒకటి ఎట్లా అవుతాయి?

ఇంద్రవెల్లి స్తూపం సంగతి మరో రకం. 1981 ఏప్రిల్ 20న నేను ఆదిలాబాద్ బస్టాండులో ఉన్నాను. ఉట్నూర్ వైపు నుంచి రావలసిన బండ్లు రాలేదు. సాయంత్రానికి గుసగుసలు మొదలయ్యాయి, పోలీసులు గోండుల మీద కాల్పులు జరిపారని. సర్కారు పదమూడుమంది అంది. గూడేల వాళ్ళు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. వాళ్ళ కోసం కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు. మళ్ళీ కట్టారు. ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20 వస్తే అటు పోనివ్వకుండా పోలీసులు నిలబడేవారు. ఆ రోజుల్లో దండ వేయడానికి కూడా అనుమతి లేదు. అయినా గోండులు ఆ రోజును మరిచిపోలేదు. ఎర్రని ఆ స్తూపం దగ్గరికి పోలేకపోతే ఇంట్లోనే దీపం పెట్టుకున్నారు. అడ్డుకున్న చోట జ్ఞాపకం నిలిచింది. ఎవరూ అడ్డుకోని చోట, కంచె వేసి దండలేసిన చోట, అదే జ్ఞాపకం పల్చబడుతోంది. దీనికి కారణం నేను చాలా ఆలోచించాను. అక్కడ చెప్పుకోవడం ఆగలేదు, అంతకు మించి నాకేం తోచలేదు.

చక్కగా నిలబెట్టుకున్నది ఒకటి మాత్రం చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. జైనూర్ దగ్గర మార్లవాయి. భీం తిరుగుబాటు తర్వాత గోండుల సంగతి తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపిన వియన్నా పండితుడు హైమన్‌డార్ఫ్ భార్యతో కలిసి ఆ గూడెంలో గుడిసె వేసుకొని ఉన్నాడు. భూములకు పట్టాలిప్పించడంలో, గోండు పిల్లలకు బడులు పెట్టించడంలో ఆయన చేయి ఉంది. ఆయన భార్య ఎలిజబెత్ 1987 జనవరి 11న చనిపోతే మార్లవాయిలోనే సమాధి కట్టారు. ప్రతి జనవరి 11న ఆ గూడెం వాళ్ళు అక్కడ చేరతారు. నేను పోయినప్పుడు పదేళ్ళ పిల్ల నాకు ఆ దంపతుల కథ మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పింది. ఎవరు నేర్పారమ్మా అంటే, "మా అవ్వ" అంది.   ఎక్కడో యూరప్‌లో పుట్టిన మనిషిని వాళ్ళు మా వాళ్ళు అంటున్నారు. ఒకే జిల్లాలో పుట్టిన భీంను మా పిల్లవాడు పరాయివాడు అంటున్నాడు.

జోడేఘాట్ ఉన్న కెరమెరి మండలం అంచునే పరందోళి లాంటి పది పన్నెండు ఊళ్ళున్నాయి. వాటిని మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. అక్కడి వాళ్ళు రెండు వైపులా ఓటు వేస్తారు, రెండు రేషన్ కార్డులు పెట్టుకుంటారు. సర్కార్లు ఇంకా తేల్చుకోలేని ఆ గీతను మన పిల్లల బుర్రల్లో మనం ఎంత తొందరగా గట్టిగా గీసేశాం!

పెళ్ళి నుంచి వచ్చాక మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాత పటం లేదు, నోటితోనే చెప్పాను. "నాయనా, భీం చనిపోయిననాడు మన గోకుందది, జోడేఘాట్‌ది ఒకే జిల్లా. ఆయన చదువు నేర్చుకున్నది ఇవాళ మన మహారాష్ట్రలో ఉన్న చంద్రపూర్‌లో. ఆయన మీద పాట నేను విన్నది మన కిన్వట్ బస్సులో. ఇప్పుడు చెప్పు, ఎవరి మనిషి?" వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాతా, ఆ ప్రధాన్ చెప్పిన పేర్లు నీకు యాదికున్నాయా?" అన్నాడు.

నాలుగు మాత్రమే గుర్తున్నాయి. మిగతావి పోయాయి. అప్పుడు రాసుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఆ ప్రధాన్ ఎప్పుడో పోయి ఉంటాడు. ఆయన కొడుకు కిక్రీ పట్టాడో, పుణేలో ఏ కంపెనీకో పోయాడో తెలియదు.

అందుకే ఈ మాటలు రాస్తున్నాను. భీం వర్ధంతిని గోండులు ఇంగ్లీషు తేదీతో చేయరు, ఆశ్వయుజ పౌర్ణమి నాడు చేస్తారు. వచ్చే పౌర్ణమికి గోకుందలో మా ఇంటి అరుగు మీద చాపలు వేస్తున్నాను. మైకు లేదు, ఫ్లెక్సీ లేదు, ఎవరికీ కుర్చీ లేదు. కిన్వట్, ఇస్లాపూర్, మాహూర్, బోథ్, ఉట్నూర్ వైపు డెబ్బై దాటిన వాళ్ళు ఎవరున్నా రండి. తెలుగు, మరాఠీ, గోండీ, కోలామీ, ఏ భాషలో గుర్తుంటే ఆ భాషలోనే చెప్పండి. ఎవరింట్లోనైనా అటక మీద కిక్రీ ఉంటే దుమ్ము దులిపి తీసుకురండి. మీకు గుర్తున్న పేరు ఒక్కటైనా సరే, దాన్ని పట్టుకొని రండి. మా మనవడు నోటుబుక్కు కొని పెట్టుకున్నాడు. మొదటి పేజీలో నాలుగు పేర్లున్నాయి.